మాట్లాడని పేజీ

ఆస్పత్రి టెలిఫోను గది మెట్ల కింద ఉంది. దానికి కిటికీ లేదు. అందులో కూర్చునే మనిషికి కిటికీతో పనేముందని ఎవరో ఎప్పుడో అనుకొని ఉంటారు. "నాకక్కర్లేదు సరే, గాలికి కూడా అక్కర్లేదా?" అని ఆ గదిలో కూర్చునే ఆవిడ వచ్చినవాళ్ళనల్లా అడిగేది. అడిగి, తనే నవ్వేది.

ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పడుచు వయసులో ఆ కుర్చీలో కూర్చుంది. జుట్టు నెరిసిందని ఇంట్లో మరదలు చెప్పేదాకా లేవలేదు. ఆస్పత్రిలో అందరికీ ఆమె అత్తయ్యే. ఫోను చేసిన రోగులను ఆరా తీసేది, మందులు మానేసినవాళ్ళను దులిపేసేది, ఇన్ని చివాట్లూ పెట్టి చివరికి వాళ్ళడిగిన దానికంటే మంచి సమయం ఇప్పించేది. అలా ఆ పేరు అతుక్కుపోయింది.

ఆమెకు ఒక చెవిలో రోగి, ఇంకో చెవిలో కంప్యూటరు. తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఒకటి ఆమె కంప్యూటరులో ఉంది. ఇటు రోగి తన గోడు చెప్పుకుంటుంటే అటు అది ఏ డాక్టరు ఏ రోజు ఖాళీయో చదివేది. మధ్యలో ఆమె తగవు తీర్చే పెద్దమనిషిలా ఇద్దరికీ సర్దిచెప్పి అపాయింట్‌మెంట్ రాసేది.

ఎక్కువగా ఫోను చేసేవాళ్ళు చూపు లేనివాళ్ళు, చూపు పోతున్నవాళ్ళు, చేతులు వణికి చిన్న అక్షరాలు నొక్కలేనివాళ్ళు. వాళ్ళలో ఒక దర్జీ పెద్దాయన ఉండేవాడు. షుగరు వల్ల కళ్ళు పోయి, కుట్టుమిషను కొడుక్కి అప్పగించాడు. ఆయన ఫోను చేసినప్పుడల్లా ముందు గొంతు బాగా పెంచి, "షుగరు డాక్టరుగారి కోసం తల్లీ" అనేవాడు. అది పక్కన ఉన్న కోడలికి వినపడటానికి. కోడలు అటు వెళ్ళగానే గొంతు తగ్గేది. "షుగరు కాదమ్మా. మూత్రం డాక్టరు. మళ్ళీ నెత్తురు పడుతోంది."

"ఇంట్లో చెప్పొచ్చు కదా పెద్దయ్యా?"

"ఏమని చెప్పను? కొడుకు నన్నెత్తి బస్సెక్కిస్తున్నాడు. కోడలు భోజనం కలిపి చేతికిస్తోంది. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా వాళ్ళ చేతిలో పెట్టి నేనేం మిగలను?"

అత్తయ్య ఆయన అడిగిన డాక్టరు దగ్గరే తారీఖు రాసేది. కొడుకు ఆయనను ఆస్పత్రి గుమ్మం దాకా తెచ్చి, షుగరు డాక్టరు దగ్గరికనుకొని దింపి, దుకాణానికి వెళ్ళిపోయేవాడు. లోపల వార్డు ఆయమ్మ ఆయనను ఏ గదికి నడిపించాలో అత్తయ్య ముందే చెప్పి ఉంచేది. ఈ ఏర్పాటు ముగ్గురి మధ్యా నడుస్తూ వచ్చింది.

ఒకరోజు సూపరింటెండెంటుగారు స్వయంగా ఆ మెట్ల కింద గదికి దిగి వచ్చారు. ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్న చప్పుడు అత్తయ్యకు వినపడింది. పెద్దవాళ్ళు నిలబడి మాట్లాడితే ఫరవాలేదు, కూర్చుంటేనే భయం.

"అత్తయ్యగారూ, మనకు కొత్త వెబ్‌సైటు వస్తోంది. అపాయింట్‌మెంట్లన్నీ ఇక దాంట్లోనే. చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, చేతులు సరిగా కదలనివాళ్ళు కూడా వాడుకునేలా ఉండాలని రూలుంది. మన ఆస్పత్రిలో చూపు లేని ఉద్యోగి మీరొక్కరే. మీరు వాడి చూసి సరే అంటేనే టెలిఫోను మూస్తాం. మాటిస్తున్నాను."

"నేను సరే అన్నాక నా సంగతేంటి సార్?"

"మిమ్మల్ని ఎక్కడో ఓచోట సర్దుతాం లెండి."

"పాత బీరువాల గురించి కూడా అలాగే అన్నారు సార్. అవి ఇప్పుడు మేడ మీద వానలో ఉన్నాయట."

ఆయన పెద్దగా నవ్వారు. మాట మాత్రం మార్చలేదు. అత్తయ్యకు ఆయన మీద నమ్మకం కలిగింది. చెడ్డవాడైతే నవ్వేవాడు కాదనుకుంది.

వెబ్‌సైటు పని ఒక బయటి కంపెనీది. దాని తరఫున వచ్చిన ఇంజినీరు నెమ్మదస్తుడు. చదువుకున్న గర్వం లేనివాడు. గదిలోకి వచ్చేటప్పుడు "అత్తయ్యా, నేనే, ఇంజినీరుని" అని చెప్పి మరీ వచ్చేవాడు. చాలామందికి అంతపాటి మర్యాద కూడా తట్టదు. మొదటిసారి ఆమెతో పేజీ వాడించినప్పుడు ఆ అపాయింట్‌మెంట్ భాగం దగ్గర స్క్రీన్ రీడర్ పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. బటన్, బటన్, బటన్, గ్రాఫిక్, ఖాళీ, బటన్, లింకు, లింకు, బటన్. ఏ బటను ఏ తారీఖుదో తెలియదు. ఏ లింకు నొక్కితే ఎక్కడికి పోతుందో తెలియదు. అత్తయ్య చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"అబ్బాయ్, చేపల మార్కెట్లో నిలబెట్టావురా నన్ను. తలకాయ వాచిపోతోంది. ముందు దీని నోరు మూయించు నాయనా. తర్వాత చూద్దాం."

"మూయిస్తానత్తయ్యా" అన్నాడతను. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే రాసుకున్నాడు.

ఈలోగా అత్తయ్య ఫోను చేసినవాళ్ళందరికీ కబురు చెప్పింది. దర్జీ పెద్దాయనకైతే ఆశ కూడా పెట్టింది. "ఇక ముందు నాకు కూడా చెప్పనక్కర్లేదు పెద్దయ్యా. మీ ఫోన్లోనే మాట్లాడుతుంది. చెవికి పెట్టుకొని, మీరే డాక్టరును ఎంచుకొని, మీరే తారీఖు తీసుకోవచ్చు."

"నిజంగానా తల్లీ? ఎవరికీ చెప్పకుండానే?"

"ఎవరికీ చెప్పకుండానే. నేనే వాడి చూసి మీకు నేర్పుతాను."

అలా మాట్లాడే ఫోను కొనేదాకా తన నెత్తురు ఆగుతుందో లేదో అని ఆయన పరిహాసమాడాడు. వారం తిరక్కుండా కొడుకు చేత ఫోను కొనిపించుకున్నాడు కూడా.

రెండోసారి పరీక్ష ఇంట్లో జరిగింది. వెబ్‌సైటు తయారైందని ఇంజినీరు కబురు పెట్టాడు. ఆదివారం పూట అత్తయ్య వంటింటి బల్ల ముందు కూర్చుని స్క్రీన్ రీడర్ పెట్టించుకున్న తమ్ముడి కంప్యూటరు తెరిచింది. పక్కన మరదలు కూరగాయలు తరుగుతోంది. పేజీ మొదలైంది. ఆస్పత్రి పేరు చదివింది. చిరునామా చదివింది. విభాగం ఎంచుకోమంది, ఎంచుకుంది. డాక్టరును ఎంచుకోమంది, ఎంచుకుంది. మాటలు ముత్యాల్లా ఉన్నాయి. అత్తయ్య మొహం విప్పారింది. తర్వాతి మీట నొక్కింది.

"అన్ని హక్కులూ ఆస్పత్రివి" అంది యంత్రం. అది పేజీ అడుగున ఉండే మాట.

వెనక్కి వచ్చింది. డాక్టరు పేరు. ముందుకు వెళ్ళింది. అన్ని హక్కులూ ఆస్పత్రివి. ఆ రెండిటి మధ్య ఏమీ లేదు. ఎన్నిసార్లు ఎటునుంచి వెళ్ళినా అంతే.

"ఏమే, ఈ డాక్టరు పేరు కింద ఏముందో చూడు."

మరదలు కత్తి పక్కన పెట్టి తొంగి చూసింది. "ఇదిగో వదినా, నెలంతా పరిచి ఉంది. ఖాళీ ఉన్న రోజులన్నీ పచ్చగా, ఎంత ముద్దుగా ఉన్నాయో. ఎంత బాగా చేశారు!"

"ఎక్కడ?"

"నడిమధ్యలో. ఇంత పెద్ద పెట్టె. కళ్ళకు కొట్టొచ్చినట్టుంటేనూ!" అని నాలుక్కరుచుకుంది.

"ఫరవాలేదులే. నాకెటూ కొట్టదు."

మరదలు ఆమె చెయ్యి పట్టుకొని వేలు తీసుకెళ్ళి తెర మీద పెట్టింది. "ఇక్కడ. ఇది బుధవారం." వేలికి నున్నని గాజు తగిలింది. గోరువెచ్చగా ఉంది. దాని వెనక ఎక్కడో బుధవారం ఉందట. ఊళ్ళో అందరూ వెళ్ళొస్తున్న ఇంటికి తనకు మాత్రం గుమ్మం లేనట్టుంది.

మర్నాడు ఇంజినీరు రాగానే అడిగింది. "అబ్బాయ్, తారీఖులు చదవడం లేదేంటి?"

"చదవదత్తయ్యా. చదవొద్దని నేనే పెట్టాను. మీరే కదా నోరు మూయించమన్నారు." అతని గొంతులో పని బాగా చేసినవాడి సంతోషం ఉంది. "ఆ తారీఖుల పెట్టె మేం రాసింది కాదు, కొని పెట్టింది. లోపలంతా కంగాళీ. తప్పులు వెతికే తనిఖీ ప్రోగ్రాం ఒకటుంటుంది, అది కూడా ఆ పెట్టెలోనే అన్ని తప్పులూ చూపించేది. పెట్టె తాలూకు కోడులో 'దీన్ని చదవొద్దు' అని ఒక మాట రాస్తే స్క్రీన్ రీడర్ దాన్ని వదిలేసి దాటిపోతుంది. మీకు గోల తప్పింది. తనిఖీ కూడా దాన్ని వదిలేసింది, తప్పులన్నీ పోయాయి. నూటికి నూరు వచ్చాయి!"

"వాగుడు తగ్గించమంటే పీక పిసికేశావా నాయనా?" అంది అత్తయ్య. "తారీఖు లేకుండా అపాయింట్‌మెంట్ ఎలా తీసుకుంటారు?"

అతనికి అప్పుడు తట్టింది. కుర్చీ కిర్రుమంది. అతను ఇన్నాళ్ళూ ఆ పేజీని చూస్తూనే ఉన్నాడు. పెట్టె ఎదురుగా, పచ్చగా, కనపడుతూనే ఉంది. కనపడేది ఇంకొకరికి లేకుండా పోయి ఉంటుందని చూస్తున్నవాడికి ఎలా తెలుస్తుంది?

"ఆ మాట తీసేస్తే తప్పులన్నీ మళ్ళీ వస్తాయి" అన్నాడు మెల్లగా. "పెట్టె కొత్తగా రాయాలి. దానికి నెలలు పడుతుంది. మా కంపెనీ గడువు ఈ వారంతో సరి."

"అదే మాట సూపరింటెండెంటుగారికి చెప్పు."

"చెప్తానత్తయ్యా."

చెప్పాడు. కానీ ఎలా చెప్పాడంటే, చెప్పకపోయినా బాగుండేది. సమావేశంలో విభాగాల పెద్దలంతా ఉన్నారు. సూపరింటెండెంటుగారు తనిఖీ ఫలితం చదివి వినిపించగానే అందరూ చప్పట్లు కొట్టారు. "కొద్దిగా మెరుగుపరచాల్సి ఉందండీ" అన్నాడు ఇంజినీరు, గొంతులోనే గొణుగుతూ.

"పని చేస్తుందా, చెయ్యదా?" అని అడిగారు సూపరింటెండెంటుగారు.

"చేస్తుందండీ. అంటే, మామూలుగా చేస్తుంది."

అత్తయ్య లేచి నిలబడింది. "నాకు చెయ్యలేదు సార్. తారీఖులే లేవు."

"నూటికి నూరు వచ్చాయి కదండీ?"

"తెల్ల కాయితం దిద్దితే తప్పులేం దొరుకుతాయి సార్? కావాలంటే స్పీకరు పెట్టి మీరే వినండి."

పెట్టారు. యంత్రం డాక్టరు పేరు చక్కగా చదివి, హక్కులు ఆస్పత్రివని చెప్పి ఊరుకుంది. తెర మీద మాత్రం నెలంతా పచ్చగా వెలిగిపోతోందని అందరి మాటలనుబట్టి అర్థమవుతోంది. "బాగానే ఉంది కదా, తప్పు అని ఎక్కడా అనలేదు" అన్నారెవరో. చెప్పని మాట ఏదో వాళ్ళకు ఎలా వినపడుతుంది? మాటలన్నీ వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి.

బల్లకు ఆ చివర లెక్కల విభాగం ఆవిడ పక్కావిడతో గుసగుసగా అంది: "కుర్చీ తీపి ఎవరికి చేదు?" పక్కావిడ కిసుక్కుమంది. చూపు లేనివాళ్ళకు చెవులు కూడా ఉండవని కొందరి నమ్మకం.

అత్తయ్య ఆ మాట వింది. వాళ్ళను అనడానికి లేదు. నిజంగానే ఆ కుర్చీ తీపే. తను సరే అంటే కుర్చీ పోతుంది. కాదంటే కుర్చీ కోసమే అంటోందంటారు. తన నోట్లోంచి నిజం వచ్చినా దానికి తన అవసరం అంటుకొని వస్తోంది. దాన్ని కడిగి ఇవ్వాలంటే ఒక్కటే దారి కనపడింది.

"సార్, నేను నా ఉద్యోగం కోసం అంటున్నానని మీలో కొందరికి ఉంది. ఉంటే తప్పులేదు. నా కుర్చీ తీసేసుకోండి. ఈ నెలాఖరుకే మానేస్తాను, రాసిస్తాను. నా చోట మీకిష్టమైనవాళ్ళను కూర్చోబెట్టండి. ఆ పెట్టె బాగయ్యేదాకా ఫోను మాత్రం తియ్యకండి. అంతే నేనడిగేది."

సూపరింటెండెంటుగారు లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఎంత పెద్ద మనసండీ మీది" అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఈసారి చప్పట్లు ఆమె కోసం కొట్టారు. నమ్మారనుకుంది అత్తయ్య. ఇంటికొచ్చి మరదలితో, "ఉద్యోగం పోయిందే, కానీ గెలిచాను" అంది.

"నువ్వు గెలిస్తే ఇలా ఉంది, ఓడితే ఎలా ఉండేదో వదినా" అంది మరదలు. నవ్వించడానికే అంది.

నెలాఖరున పూలగుచ్ఛం ఇచ్చి, ఫొటోలు తీసి సాగనంపారు. ఆ మర్నాడు టెలిఫోను గదికి తాళం పడింది. అత్తయ్య సూపరింటెండెంటుగారికి ఫోను చేసింది.

"ఏం చెయ్యమంటారండీ" అన్నారాయన, చాలా మర్యాదగా. "ఆ ఉద్యోగం మీ పేరుతో ఉన్నది. మీరు స్వచ్ఛందంగా మానేశారు. ఖాళీ అయిన ఆపరేటరు పోస్టు నింపడానికి వీల్లేదని పైనుంచి ఉత్తర్వు. మనిషి లేకుండా ఫోనెలా ఉంచను? మీరు ఉండి ఉంటే మిమ్మల్ని తీసేసే ధైర్యం నాకు లేకపోయేది. నిజం చెబుతున్నాను."

ఆయన నిజమే చెబుతున్నాడు. అది అత్తయ్యకు బాగా తెలుస్తోంది. తను లేవకుండా కూర్చుని ఉంటే చాలు, ఫోను ఉండేది. చేజేతులా తనే లేచింది. కడిగిన నిజాన్ని వాళ్ళు పక్కన పెట్టి, కడిగిన నీళ్ళు తీసుకున్నారు.

కొన్నాళ్ళకు ఇంజినీరు ఫోను చేశాడు. సొంతంగానే కూర్చొని పెట్టె బాగుచేద్దామనుకున్నాడట. కంపెనీ గడువు అయిపోయింది కాబట్టి అతని పాస్‌వర్డు ఆపేశారట. "లోపలికి వెళ్ళనివ్వడం లేదత్తయ్యా. బయటి నుంచి చూస్తున్నానంతే."

"చూడు నాయనా. బాగుంటుందట కదా చూడ్డానికి" అంది. అని, అతన్ని నొప్పించినందుకు బాధపడింది.

ఫోను చేసే రోగుల్లో తెలిసినవాళ్ళకు ఆమె ముందే ఇంటి నంబరు ఇచ్చి ఉంచింది. వాళ్ళు ఇంటికి చెయ్యడం మొదలుపెట్టారు. అత్తయ్య విని చెప్పేది, మరదలు చూసి నొక్కేది. మరదలు బడి ఆఫీసులో గుమాస్తా. పొద్దంతా తెర చూసి ఇంటికొచ్చి, మళ్ళీ తెర ముందు కూర్చునేది. మొదట్లో హుషారుగా చేసింది. ఇల్లు ఆస్పత్రి అయిపోయిందని తమ్ముడు వేళాకోళమాడేవాడు. రాను రాను ఆమె పెదవి విప్పకుండా నొక్కసాగింది. ఒక సాయంత్రం ఫోను ఆగకుండా మోగుతుంటే, "వదినా, నేనేమన్నా నీ కళ్ళజోడునా?" అనేసింది. వెంటనే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కానీ అన్న మాట అబద్ధం కాదు. ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రమే దర్జీ పెద్దాయన ఫోను చేశాడు.

"కొత్త ఫోను కొన్నాను కదా తల్లీ. నువ్వు చెప్పినట్టే చెవికి పెట్టుకున్నాను. తారీఖు దగ్గరికొచ్చి ఏదో హక్కులంటోంది. నాకే చేతకావడం లేదా?"

"మీ చేతకానితనం కాదు పెద్దయ్యా. అది అంతే. ఏ రోజు కావాలో చెప్పండి, మేం తీసిపెడతాం."

"మేం అంటే?"

"పక్కన మా మరదలుంది. తను నొక్కుతుంది. ఏ విభాగమో తనకు చెప్పాలి. ఇబ్బందేంటో కూడా అందులో ఎంచాలి."

"ఇప్పుడు తగ్గిపోయిందమ్మా. వద్దులే."

"అబద్ధం చెప్పకండి."

"నిన్ను నేనెప్పుడూ చూడలేదు, నన్ను నువ్వెప్పుడూ చూడలేదు. అందుకే చెప్పుకోగలిగాను. మీ ఇంటి ఆడకూతురి చేత నా బాధ రాయించుకోలేను తల్లీ" అని పెట్టేశాడు.

తర్వాత ఆయన చెయ్యలేదు. అత్తయ్య చేస్తే ఎత్తలేదు. అలా వారాలు గడిచాక ఒకసారి ఆయన కోడలు ఎత్తింది. ఆస్పత్రి అత్తయ్యనని చెప్పుకుంటే సంతోషించింది.

"మామయ్య ఏం తినడం లేదండీ. ఏమైందంటే కసురుకుంటున్నారు. రాయిలా మంచం మీదే. షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, షుగరు బానే ఉందన్నారు. మీకు చాలాకాలంగా తెలుసు కదా, అసలాయనకేముంది?"

"ఆస్పత్రికి మళ్ళీ తీసుకెళ్ళమ్మా."

"తీసుకెళ్తామండీ. ఏ డాక్టరుకి చూపించాలి?"

ఆయన చేతిలో మిగిలింది అదొక్కటే. అది దాచిపెట్టమని ఆయన తనకిచ్చాడు. దాస్తే మనిషి దక్కడు. అత్తయ్య రెండు చేతులతో ఫోను పట్టుకొని, కళ్ళు మూసుకొని, చెప్పేసింది. ఏ విభాగమో చెప్పింది. ఎప్పట్నుంచో చెప్పింది.

"ఇన్నాళ్ళా?" అంది కోడలు. ఆమె వెనక ఎక్కడినుంచో బలహీనమైన గొంతు వినపడింది. "ఎవరమ్మా ఫోను?"

"ఆస్పత్రి అత్తయ్యగారు మామయ్యా. మీరు మాట్లాడతారా?" గచ్చు మీద అడుగుల చప్పుడు. మంచం కిర్రుమంది. కోడలే మళ్ళీ వచ్చింది. "మొహం గోడవైపు తిప్పుకున్నారండీ. ఫోను తీసుకోనంటున్నారు."

"పోనీలే అమ్మా. నువ్వు తారీఖు చూడు."

కోడలికి కళ్ళున్నాయి. తన ఫోన్లో పేజీ ఆమెకు వెంటనే తెరుచుకుంది. "ఈ నెలంతా నిండిపోయిందండీ" అంది. "వచ్చే నెల కూడా. ఆపై నెలలో ఒకరోజు పచ్చగా ఉంది. తీసుకోమంటారా?"

"తీసుకో" అంది అత్తయ్య.